రోగి దగ్గర దొరికిన సాల్మొనెల్లా జీనోమ్ చూసి కోడిదా, పొట్టేలుదా, రొయ్యదా అని తేల్చగలమా? (నెల్లూరు, ప్రకాశం)

పెన్నాతీరం_మైక్రో అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. ప్రశ్న కాస్త పొడుగు, ఓపిగ్గా చదవండి.

ముహూర్తాల రోజుల్లో మాంసం భోజనం తిన్నవాళ్లు గుంపుగా విరేచనాలు, జ్వరంతో ఆస్పత్రికి వస్తే మన వైపు ల్యాబుల్లో మామూలుగా జరిగేది కల్చర్ (శాంపిల్‌లోని బ్యాక్టీరియాను ప్లేటు మీద పెంచి చూడటం) వరకే. సాల్మొనెల్లా పెరిగింది, ఫలానా మందులకు లొంగుతోంది అని రిపోర్టు రాసిచ్చేస్తాం. ప్లేటు ఆటోక్లేవ్‌లోకి (ఆవిరి వేడితో క్రిముల్ని చంపే యంత్రం) పోతుంది. వంటమాస్టర్ చికెన్ అంగడి మీదికి నెడతాడు, అంగడివాడు రొయ్యల మీదికి, అందరూ కలిసి చివరికి నీళ్ల మీదికి.

ఇప్పుడు బ్యాక్టీరియా జీనోమ్ (దాని డీఎన్ఏ అక్షరాల వరస) మొత్తం చదివించడం అందుబాటులోకి వచ్చింది గదా. రోగి నుంచి వచ్చిన సాల్మొనెల్లాను చదివిస్తే అది బ్రాయిలర్‌దా, గుడ్డుదా, పొట్టేలు మాంసందా, వెనామీ రొయ్యదా అని చెప్పొచ్చా? చెప్పాలంటే శాంపిల్స్ ఎక్కడెక్కడ, ఎలా తీయాలి? మా ల్యాబులో ఎక్కడిదాకా చేసుకోవాలి, ఎక్కడి నుంచి బయటికి పంపాలి? ఎన్ని తేడాలుంటే రెండూ ఒకటే అనుకోవాలి? పని ఎక్కడ చెడుతుందో ముఖ్యంగా రాయండి.

జన్యుపటం జవాబు:

ఒక్క జీనోమ్ చూసి చెప్పలేం. జీనోమ్ చెప్పేది చుట్టరికం ఒక్కటే, ఈ రెండు బ్యాక్టీరియాలు ఎంత దగ్గరి బంధువులన్నది. పోల్చడానికి కోళ్ల నుంచి, గొర్రెల నుంచి, రొయ్యల నుంచి తీసిన బ్యాక్టీరియా ఫ్రీజర్‌లో లేకపోతే ఎవరికి బంధువని చెప్తాం? సీక్వెన్సింగ్ (జీనోమ్ చదివించడం) డబ్బు పెడితే దొరుకుతుంది. మన రెండు జిల్లాల్లో అసలు కొరత జంతువుల వైపు నిల్వకే.

మీ ప్రశ్నలో రెండు వేర్వేరు పనులు కలిసిపోయాయి, ముందు వాటిని విడదీయండి. ఒకటి, ఫలానా విందులో జబ్బుపడ్డవాళ్ల బ్యాక్టీరియా, ఫలానా చోట దొరికిన బ్యాక్టీరియా ఒకటేనా అన్నది. దీనికి జీనోమ్‌లో అక్షరం అక్షరం పోల్చాలి. రెండోది, ఏడాది పొడవునా విడివిడిగా వచ్చే కేసుల్లో కోళ్ల వాటా ఎంత, పశువుల వాటా ఎంత అన్నది. ఇక్కడ ఏ ఒక్క రోగి మూలమూ తేలదు, మొత్తం మీద వాటాలు మాత్రమే తేలతాయి.

రెండో పని ఎక్కువగా కాంపైలోబాక్టర్ అనే ఇంకో విరేచనాల బ్యాక్టీరియాతో జరిగింది. ఇంగ్లండ్‌లోని లాంకషైర్‌లో 1,231 మంది రోగుల కాంపైలోబాక్టర్ జెజునైని ఏడు జన్యువుల టైపింగ్ చేసి, జంతువుల్లో దొరికిన రకాలతో పోల్చి 2008లో ప్రచురించారు. 97 శాతం మాంసం కోసం పెంచే పశువుల, కోళ్ల వైపు తేలింది, అందులోనూ కోళ్లూ ఆవులూ ప్రధానం. న్యూజిలాండ్‌లో ఇదే రకం లెక్క కోడి వైపు వేలు చూపించింది. కోళ్ల ప్రాసెసింగ్ ప్లాంట్లలో కట్టడి బిగించాక 2006 నాటి కేసులు 2008కల్లా సగానికి పైగా పడిపోయాయి. లెక్క ప్రకారం చర్య తీసుకుంటే జబ్బు నిజంగా తగ్గింది, ఈ పద్ధతికి అంతకంటే గట్టి రుజువు ఉండదు.

కానీ వాటాలు లెక్కగట్టే ఈ మోడళ్లలో ఒక గుంట ఉంది, చాలామంది అందులో పడతారు. మీరు పెట్టిన మూలాల మధ్యనే మోడల్ నూటికి నూరు శాతం పంచుతుంది. గేదెల శాంపిల్స్ పెట్టలేదనుకోండి, గేదెల వాటా ఎక్కడికీ పోదు, గొర్రెలకో కోళ్లకో చేరిపోతుంది. మన దగ్గర బ్రాయిలర్, లేయర్, నాటుకోడి, గొర్రె, మేక, గేదె, ఆవు, కోతలయ్యాక మడుల్లో తిరిగే బాతుల మందలు... ఏది వదిలేస్తే అది మిగతావాటి నెత్తిన పడుతుంది. ఇంకోటి, ఎస్‌టీ-21, ఎస్‌టీ-45 లాంటి (ఎస్‌టీ అంటే ఆ ఏడు జన్యువుల టైపింగ్‌లో వచ్చే రకం నంబరు) కాంపైలోబాక్టర్ కుటుంబాలు కోళ్లలోనూ పశువుల్లోనూ ఉంటాయి. ఏడు జన్యువులతో అవి విడిపోవు. మోడల్‌ను నమ్మే ముందు, మూలం తెలిసిన జంతు ఐసొలేట్లు (శాంపిల్ నుంచి వేరుచేసి పెంచిన బ్యాక్టీరియా) కొన్నిటిని పక్కన పెట్టి, వాటి మూలాన్ని మోడల్‌తోనే చెప్పించి చూడండి. అక్కడే తప్పులు చెప్తుంటే రోగుల లెక్క దాకా వెళ్లనవసరం లేదు. నా లెక్కన ఒక్కో మూలానికి కనీసం 50, వీలైతే 100 ఐసొలేట్లు ఉండాలి, అవీ ఇదే ప్రాంతానివి, ఇవే సంవత్సరాలవి. ఐరోపా డేటాబేస్ తెచ్చి కనిగిరి గొర్రెకు పెడితే వచ్చే జవాబు ఐరోపాదే.

సర్వైలెన్స్_డెస్క్ జవాబు:

జీనోమ్ దాకా పోయే ముందు గడియారం చూడండి. తిన్న 1 నుంచి 6 గంటల్లోపు వాంతులు మొదలై జ్వరం లేకపోతే అది స్టెఫైలోకాకస్ టాక్సినో, అన్నంలో బాసిల్లస్ సీరియస్సో అయ్యే అవకాశం ఎక్కువ. స్టెఫ్ అయితే తరచూ వండిన చేతుల నుంచే వస్తుంది, కోళ్ల ఫారం చుట్టూ తిరిగి లాభం లేదు. 8 నుంచి 16 గంటల్లో కడుపునొప్పి, నీళ్ల విరేచనాలు, వాంతులు తక్కువ అంటే పెద్ద అండాలో వండి తెల్లవార్లూ అలాగే వదిలేసిన మాంసంలో క్లాస్ట్రీడియం పెర్ఫ్రింజెన్స్‌ను అనుమానించాలి. సాల్మొనెల్లాకు మామూలుగా 12 నుంచి 36 గంటలు, జ్వరంతో. కాంపైలోబాక్టర్‌కు 2 నుంచి 5 రోజులు. అందుకే ఆ కేసులు విందుతో ముడిపడకుండా జారిపోతుంటాయి.

రెండో సంగతి, తినని వాళ్లను కూడా అడగండి. చికెన్ తిన్న రోగుల జాబితా ఒక్కటే పట్టుకుంటే ఏమీ తేలదు, ఆ విందులో అందరూ చికెన్ తినే ఉంటారు. జబ్బుపడనివాళ్లు ఏం తిన్నారో అదే కాగితం మీద పక్కనే ఉండాలి. గుడ్డు సొన, మయోనైజ్, సలాడ్, పెరుగు, ఐస్ లాంటివి విడిగా అడగకపోతే ఎవరూ గుర్తుచేసుకుని చెప్పరు.

జర్మనీ 2011 వ్యాప్తి దీనికి మంచి పాఠం. ఇ. కొలై ఓ104:హెచ్4 వల్ల 3,800 మందికి పైగా జబ్బుపడ్డారు, 50 మందికి పైగా చనిపోయారు. మొదట స్పెయిన్ దోసకాయల్ని తప్పు పట్టారు. వాటిలో ఇ. కొలై ఉన్నమాట నిజమే, కానీ వేరే రకం. జీనోమ్ రోజుల్లోనే చదివేశారు. అది చెప్పింది ఇంకో సంగతి: షిగా టాక్సిన్ అనగానే అందరూ ఆవుల వైపు చూస్తారు, ఇదేమో మనుషుల పేగుల్లో ఉండే అతుక్కునే రకం, టాక్సిన్ జన్యువును బ్యాక్టీరియాకు సోకే ఒక ఫేజ్ వైరస్ ద్వారా సంపాదించుకుంది. కారణం మెంతి మొలకలు అని తేల్చింది మాత్రం హోటల్లో ఎవరు ఏ వంటకం తిన్నారన్న విచారణ, సరుకు ఎక్కడి నుంచి ఎక్కడికి పోయిందన్న రశీదులు. ఈజిప్టు నుంచి వచ్చిన మెంతుల మీద అనుమానం నిలిచింది గానీ ఆ గింజల్లో బ్యాక్టీరియా దొరకనే లేదు.

కాబట్టి చికెన్ అంగడిలో స్వాబ్ తీసిన రోజే సరుకు రశీదు కూడా ఫొటో తీసుకోండి. గుంపు కేసు అనిపించగానే జిల్లా సర్వైలెన్స్ విభాగానికి చెప్పడం, ఐహెచ్ఐపీలో (జబ్బుల సమాచారం నమోదు చేసే ప్రభుత్వ పోర్టల్) ఎక్కించడం ఎలాగూ చేస్తారు. చట్టపరమైన చర్య కావాలంటే ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ 2006 ఆహార భద్రత చట్టం పద్ధతిలో తీసే శాంపిల్ వేరే. మీ స్వాబ్ దానికి బదులు కాదు.

ఒంగోలుగిత్త_వెట్ జవాబు:

జంతువుల వైపు నేను చెప్తాను.

సాల్మొనెల్లాలో కొన్ని సీరోవార్లు (సీరం పరీక్షతో విడదీసే ఉపరకాలు) పేరుతోనే దారి చూపిస్తాయి. టైఫీ అయితే జంతువుల జోలికే పోవద్దు, అది మనిషిదే, వంటవాళ్లలో క్యారియర్‌ను వెతకండి. ఎంటెరిటిడిస్ అంటే ముందు గుడ్లు, లేయర్ (గుడ్ల కోళ్ల) షెడ్లు. డబ్లిన్ పశువులది. గల్లినారం కోళ్లను చంపుతుంది గానీ మనుషుల్లో దాదాపు కనపడదు, షెడ్డులో అది దొరికిందని విందు కేసుకు ముడిపెట్టకండి. కెంటకీ ఎస్‌టీ198 సిప్రోఫ్లాక్ససిన్‌కు లొంగని రకం, కోళ్లతో ముడిపడింది. టైఫిమ్యూరియం అన్ని జంతువుల్లోనూ ఉంటుంది, పేరు చూసి ఏమీ అనలేం. సీరోటైపింగ్‌కు కసౌలి కేంద్రానికి పంపే పాత దారి ఉండనే ఉంది. జీనోమ్ చదివిస్తే సీరోవార్ దాంట్లోనే బయటపడుతుంది.

శాంపిల్ సంగతి. లేయర్ కేజీ షెడ్డయితే వరసల కింద పలుచోట్ల నుంచి కలిపి తీసిన రెట్ట 150 గ్రాములు, అలాంటివి రెండు. బ్రాయిలర్ షెడ్డయితే కాళ్లకు తడిపిన బూట్ స్వాబ్‌లు తొడుక్కుని షెడ్డంతా నడవాలి, రెండు జతలు. ద్వారం దగ్గర నాలుగడుగులు వేసి వచ్చేస్తే అది స్వాబ్ కాదు, మొక్కుబడి. గుడ్లు పగలగొట్టి వెతకడం దండగ. సోకిన మందలో కూడా చాలా తక్కువ గుడ్లలోనే ఉంటుంది, అందుకే షెడ్డునే చూడాలి. అంగడిలో అయితే మెడ చర్మం 25 గ్రాములు, లేదంటే కోడిని సంచిలో పెట్టి 400 మి.లీ. బఫర్డ్ పెప్టోన్ నీళ్లతో నిమిషం పాటు కుదిపి ఆ నీళ్లు తీసుకోవాలి. కొట్టే మొద్దు, కత్తి, ఈకలు పీకే మిషన్ రబ్బరు వేళ్లు విడివిడిగా స్వాబ్ చేయండి. ఆ మొద్దు మీద కోడి, పొట్టేలు రెండూ కొడతారా అన్నది రాసుకోండి. రెండూ కొడితే మాంసంలో దొరికింది పొట్టేలుదని రాసే హక్కు మీకు లేదు. పొట్టేలుదే అనాలంటే మాంసం కాదు, పేగులోని పెంట కావాలి.

మూలాల నిల్వకు తీసేటప్పుడు ఇంకో జాగ్రత్త. ఒకే షెడ్డు నుంచి పది ఐసొలేట్లు తెచ్చి పది అని లెక్కేయొద్దు, అవన్నీ అన్నదమ్ములే. షెడ్డుకు ఒకటి చొప్పున ఎక్కువ షెడ్లు తిరగాలి. పొదిలి, దర్శి వైపు గొర్రెల మందలయినా అంతే.

బ్రాయిలర్లలో ఒక మెలిక ఉంది. పిల్లలు ఒకే హేచరీ నుంచి వస్తాయి, దాణా ఒకే మిల్లు నుంచి వస్తుంది. అందుకే పైన పేరెంట్ మందలోనో (పిల్లల కోసం గుడ్లు పెట్టే తల్లి కోళ్లు) హేచరీలోనో ఉన్న ఒక్క రకం కింద ఇరవై ఫారాల్లో దాదాపు తేడా లేకుండా కనపడొచ్చు. మీరు వెళ్లింది ఒక్క ఫారానికే, అక్కడ దొరికింది. దొరికినంత మాత్రాన ఆ రైతే కారణమని ఎట్లా అంటారు? పక్క ఫారంలో చూడనే లేదు గదా. ఒక ఫారం పేరు రాసే ముందు అదే హేచరీ పిల్లలున్న ఫారాలు ఇంకో రెండు మూడు, వేరే హేచరీ పిల్లలున్నవి రెండు చూడాల్సిందే.

వెనామీ_గుంట జవాబు:

రొయ్యల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను.

సాల్మొనెల్లా రొయ్య సొంత సరుకు కాదు. రెట్ట ఎరువు, డ్రైను నీళ్లు, గట్టు మీది పశువులు, పక్షులు, పట్టుబడి తర్వాత ఐసు, ట్రేలు, చేతులు, వీటి గుండా చేరుతుంది. కాబట్టి రొయ్యలో దొరికిన సాల్మొనెల్లా జీనోమ్ కోడి రకానికి దగ్గరగా కనపడితే ఆశ్చర్యపడనక్కర్లేదు. కోళ్ల ఎరువు గుంటలోకి పోయి ఉంటే ఆహారం రొయ్యే, జంతు మూలం మాత్రం కోడి. ఈ రెండు గడులు నమోదు కాగితంలో వేరుగా ఉంచండి. వెల్టెవ్రెడెన్ అనే సీరోవార్ ఆసియా సముద్రపు ఆహారంలో తరచూ కనపడుతుంది, అది వస్తే నీళ్లు, ఐసు ముందు చూడండి.

రొయ్య సొంత సరుకు విబ్రియో, ఉప్పునీళ్లలో ఉండే బ్యాక్టీరియా. పచ్చిగానో సగం ఉడికిందో తిని, 24 గంటల లోపల నీళ్ల విరేచనాలయితే విబ్రియో పారాహీమోలిటికస్‌ను వెతకాలి. మామూలు మల పరీక్ష ప్లేట్ల మీద దాన్ని పట్టుకోలేరు. టీసీబీఎస్ అగార్ కావాలి, దాని మీద పచ్చ కాలనీ. ఎన్‌రిచ్‌మెంట్ (ముందు ద్రవంలో పెంచి సంఖ్య పెంచడం) 2 శాతం ఉప్పున్న ఆల్కలైన్ పెప్టోన్ నీళ్లలో, పీహెచ్ 8.6. శాంపిల్‌ను నేరుగా ఐసు మీద పెట్టొద్దు. చలికి అది చావకపోయినా ప్లేటు మీద పెరగనంటుంది, నెగెటివ్ అని రాసేస్తారు. జెల్ ప్యాకుకూ శాంపిల్‌కూ మధ్య కాగితం మడత పెట్టి 7 నుంచి 10 డిగ్రీల్లో తెండి.

గుంటలో పారాహీమోలిటికస్ ఉండటం వింత కాదు, చాలావాటికి మనిషిని జబ్బుపరిచే టీడీహెచ్, టీఆర్‌హెచ్ జన్యువులుండవు. ముందు పీసీఆర్‌తో ఆ రెండూ చూసి, ఉన్నవాటినే సీక్వెన్సింగ్‌కు పంపండి, డబ్బు మిగులుతుంది. ఉలవపాడు నుంచి ముత్తుకూరు దాకా రైతులు భయపడే ఈఎంఎస్ (రొయ్య పిల్లలు త్వరగా చనిపోయే జబ్బు) రకం వేరే. దానిది ప్లాస్మిడ్ (బ్యాక్టీరియాలో విడిగా ఉండే చిన్న డీఎన్ఏ వలయం) మీది పిర్‌ఏ, పిర్‌బీ టాక్సిన్, రొయ్యల్ని చంపుతుంది. గుంటలో ఈఎంఎస్ వచ్చిందని ఆ రొయ్య తిన్నవాళ్లకు విరేచనాలని లంకె పెట్టేస్తున్నారు, ఆ లంకె తప్పు.

పెన్నాతీరం_మైక్రో రాశారు:

అందరికీ ధన్యవాదాలు. జన్యుపటం గారూ, ల్యాబు పని వరుస, తేడాల లెక్క మిగిలిపోయాయి. మా దగ్గర మైనస్ 80 ఫ్రీజర్ ఎప్పుడూ ఖాళీగా ఉండదు, అది కూడా దృష్టిలో పెట్టుకుని చెప్పండి.

జన్యుపటం జవాబు:

మలం శాంపిల్ యాంటీబయాటిక్ మొదటి డోసుకు ముందే, క్యారీ-బ్లెయిర్ (శాంపిల్ మోసుకెళ్లే మాధ్యమం) లో. ఆహారం 25 గ్రాములు 225 మి.లీ. బఫర్డ్ పెప్టోన్ నీళ్లలో 37 డిగ్రీల్లో 18 గంటలు. తర్వాత సాల్మొనెల్లాను మాత్రమే పెరగనిచ్చే రెండు సెలెక్టివ్ బ్రాత్‌లు: అందులోంచి 0.1 మి.లీ. ఆర్‌వీఎస్ 10 మి.లీ.లోకి 41.5 డిగ్రీల్లో, 1 మి.లీ. ఎంకేటీటీఎన్ 10 మి.లీ.లోకి 37 డిగ్రీల్లో, రెండూ 24 గంటలు. తర్వాత ఎక్స్‌ఎల్‌డీ అగార్ ప్లేటు, దానికి తోడు ఇంకో అగార్. మొదటి మెట్టు వదిలేసి నేరుగా సెలెక్టివ్ బ్రాత్‌లో వేస్తే ఫ్రిజ్‌లో, వంటలో దెబ్బతిన్న కణాలు లేవలేవు.

ఎర్ర కాలనీ, నడుమ నలుపు అని సంబరపడొద్దు. ప్రోటియస్, సిట్రోబాక్టర్ కూడా నల్లబడతాయి. యూరియేజ్, టీఎస్ఐ, లైసిన్ పరీక్షలు, పాలివాలెంట్ ఓ సీరం చూశాకే సాల్మొనెల్లా అనండి. ప్లేటుకు ఒక్క కాలనీ తీస్తే సరిపోదు, కనీసం ఐదు. ఒకే కోడిలో రెండు సీరోవార్లుండొచ్చు, ఎక్కువున్నదే మీ సూదికి తగులుతుంది, రోగిలో ఉన్నది రెండోదైతే పోలిక తప్పుతుంది. సీరంతో ఐదూ చూసి, వేరుగా ఉన్నవి ఒక్కోటి దాచండి.

నిల్వకు 20 శాతం గ్లిజరాల్, మైనస్ 80, రెండు వయల్స్. చోటు లేదంటున్నారు కాబట్టి సాల్మొనెల్లా వరకు న్యూట్రియంట్ అగార్ స్టాబ్ గట్టిగా మూత బిగించి చీకట్లో గది ఉష్ణోగ్రతలో పెట్టినా నెలల తరబడి బతుకుతుంది. కాంపైలోబాక్టర్‌కు ఈ దారి పనికిరాదు. పదే పదే సబ్‌కల్చర్ మాత్రం చేయకండి, ప్లాస్మిడ్లు రాలిపోతాయి.

బయటికి పంపాల్సింది డీఎన్ఏ. బతికున్న కల్చర్ పంపితే మూడు పొరల ప్యాకింగ్, యూఎన్ 3373 లేబుల్ తప్పవు. డీఎన్ఏ కొలత ఫ్లోరోమీటర్‌తో చేయండి. నానోడ్రాప్ (కాంతి పీల్పుతో కొలిచే యంత్రం) ఆర్ఎన్ఏని కూడా కలిపి ఎక్కువ చూపిస్తుంది, తీరా లైబ్రరీ (సీక్వెన్సింగ్‌కు సిద్ధం చేసిన డీఎన్ఏ ముక్కలు) లేవదు. నానోడ్రాప్‌ను 260/280 నిష్పత్తికి వాడుకోండి, 1.8 నుంచి 2.0 మధ్య ఉండాలి. చివరి ఎల్యూషన్ ఈడీటీఏ లేని ట్రిస్‌లో, ఈడీటీఏ లైబ్రరీ ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది. రోగుల డీఎన్ఏ, కోళ్ల డీఎన్ఏ ఒకే రోజు ఒకే ట్రేలో తీయకండి. పక్క గుంతలోంచి ఒక చుక్క చిందితే రెండూ "ఒకటే" అని వస్తుంది, ఆ ఫలితం చూడటానికి ఎంతో అందంగా ఉంటుంది కూడా. ఖాళీ కంట్రోల్ (బ్యాక్టీరియా లేని శాంపిల్) ఒకటి తప్పనిసరి.

సాల్మొనెల్లా జీనోమ్ సుమారు 48 లక్షల అక్షరాలు. 50 రెట్ల లోతు (ఒక్కో అక్షరం సగటున 50 సార్లు చదవడం) కావాలంటే 24 కోట్ల అక్షరాలు, అంటే 150 అక్షరాల జంట రీడ్లు 8 లక్షల జతలు. కంపెనీతో ఒప్పందంలో ఈ అంకె రాయించండి. 30 రెట్లకు తగ్గితే మళ్లీ చేయించండి. అసెంబ్లీ (రీడ్ల ముక్కలు అతికించిన జీనోమ్) మొత్తం 48 లక్షలకు బదులు 60 లక్షలు దాటిందంటే రెండు బ్యాక్టీరియాలు కలిశాయి, క్రాకెన్ అనే సాఫ్ట్‌వేర్‌లో చూస్తే బయటపడుతుంది. తర్వాత సెక్‌సీరో2 సాఫ్ట్‌వేర్‌తో సీరోవార్, ఏడు జన్యువుల ఎస్‌టీ, 3,002 జన్యువులు పోల్చే ఎంటెరోబేస్ సీజీఎంఎల్‌ఎస్‌టీ. దగ్గరగా తేలినవాటికే స్నిప్పీ సాఫ్ట్‌వేర్‌తో ఎస్ఎన్‌పీ (ఒక్క అక్షరం తేడా) లెక్క. రిఫరెన్స్ (పోలికకు పెట్టుకునే జీనోమ్) అదే ఎస్‌టీలోంచి తీసుకోండి, దూరపుది పెడితే కొన్ని తేడాలు కనపడకుండా పోతాయి. ప్రొఫేజ్ భాగాలు (జీనోమ్‌లో చేరిన ఫేజ్ వైరస్ డీఎన్ఏ) లెక్కలోకి రాకుండా మూసేయండి.

ఇక ఎన్ని తేడాలు? సాల్మొనెల్లా జీనోమ్‌లో ఏడాదికి సుమారు ఒకటి రెండు అక్షరాలు మారతాయి. బ్రిటన్‌లో 5 ఎస్ఎన్‌పీల లోపు గుంపును విచారణకు తీసుకునే వాడుక ఉంది. అది విచారణ మొదలుపెట్టడానికి గీత, శిక్ష వేయడానికి కాదు. గొలుసుగా కలుపుతారు కాబట్టి మొదటిదానికీ రెండోదానికీ 4, రెండోదానికీ మూడోదానికీ 4 ఉంటే, మొదటిదీ మూడోదీ 8 తేడాతో కూడా అదే గుంపులో చేరతాయి. ఎంటెరిటిడిస్ లాంటి ఏకరూప సీరోవార్లో 5 తేడాలున్నా విందుతో సంబంధం లేకపోవచ్చు. ఏళ్ల తరబడి ఒక హేచరీలో పాతుకుపోయిన రకంలో 12 తేడాలున్నా సంబంధం ఉండొచ్చు. వేరు కంపెనీల పైప్‌లైన్లలో (విశ్లేషణ సాఫ్ట్‌వేర్ వరుస) వచ్చిన అంకెల్ని పక్కపక్కన పెట్టకండి, ముడి రీడ్లు తెప్పించుకుని ఒకే పైప్‌లైన్లో మళ్లీ నడపండి. కాంపైలోబాక్టర్ ఇతర రకాల నుంచి డీఎన్ఏ ముక్కలు విరివిగా తెచ్చుకుంటుంది. ఒక్క ముక్క వస్తే పదుల ఎస్ఎన్‌పీలు ఒకేసారి కనపడతాయి, అందుకే దానికి సీజీఎంఎల్‌ఎస్‌టీ మేలు.

దిశ మాత్రం జీనోమ్ చెప్పదు. మొద్దు మీదిదీ రోగిదీ సున్నా తేడాతో వచ్చినా, కోడి నుంచి మొద్దుకొచ్చిందా, కోసే మనిషి నుంచి వచ్చిందా అన్నది తేదీలు, రశీదులు, ఫారం శాంపిల్ చెప్పాలి.

ఒంగోలుగిత్త_వెట్ జవాబు:

వయల్ మీద ఏం రాయాలో కూడా ఇక్కడే పెడుతున్నా, తర్వాత అందరూ తల పట్టుకునేది దీని దగ్గరే. జంతువు, వయసు, బ్రాయిలరా లేయరా నాటుదా, శాంపిల్ రకం, తేదీ, మండలం, హేచరీ బ్యాచ్, దాణా బ్యాచ్, గత రెండు వారాల్లో ఇచ్చిన మందులు, ఎన్నో కాలనీ. "చికెన్, నెల్లూరు" అని రాసిన వయల్ దేనికీ పనికిరాదు. ఫారం పేరు మాత్రం వయల్ మీద వద్దు, కోడ్ వేసి అసలు పేర్ల పుస్తకం వేరుగా తాళంలో ఉంచండి. ఒక రైతు పేరు బయటికి పొక్కితే ఆ చుట్టుపక్కల మళ్లీ ఏ షెడ్డులోకీ బూట్ స్వాబ్ వేసుకుని రానివ్వరు.